తెర వెనక ఊటీ, తెర ముందు కొలిమి

షెడ్డు కబుర్లు: బళ్ల గురించి పాఠకుల ప్రశ్నలు, ఒక పాత మెకానిక్కు జవాబులు

ప్రశ్న: బాబాయ్ గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆయన, మా మరిది కలిసి రెండేళ్ల కిందట ఒక పాత స్కూలు బస్సు కొన్నారు. సీట్లు పీకించి నాలుగు బెర్తులు, చిన్న వంటగట్టు, బాత్రూమ్, వెనక జనరేటరు, ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ పెట్టించారు. అత్తమామలను తీసుకుని తీర్థయాత్రలు తిరుగుతున్నాం. వెనక కూర్చున్నవాళ్లకు హాయిగానే ఉంది. ఏసీ చల్లదనం వృథా కాకుండా డ్రైవర్ సీటు వెనక మందపాటి తెర కట్టాం. బండి నడిపేది మా ఆయనే. మొన్న ఏప్రిల్ చివర తిరుపతి వెళ్లేటప్పుడు ఒంగోలు దాటాక, మధ్యాహ్నం మూడింటప్పుడు, తల తిరుగుతోందని బండి ఆపి వేపచెట్టు కింద పడుకున్నారు. కాళ్లు చూస్తే ఎర్రగా కందిపోయి ఉన్నాయి. భయమేసింది. ముందు ఇంకో ఏసీ పెట్టించమని ఒకరు, అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించమని ఒకరు, ఇంజిన్ మీద థర్మోకోల్ కొట్టించమని ఒకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మాయ్, బాబాయ్ అన్నావు కాబట్టి నిన్ను నువ్వు అనే అంటాను. ఆ లెక్కన మీ ఆయన నాకు అల్లుడుగారు. అల్లుడిని ఎండలో నిలబెట్టారని తెలిస్తే ఏ మామగారికైనా కోపమొస్తుంది. ఇక్కడ ఎండలో కూడా కాదు, పొయ్యి పక్కన కూర్చోబెట్టారు.

"చల్లదనం వృథా కాకుండా తెర కట్టాం" అన్నావు చూడు, కథంతా అక్కడే ఉంది. మీరంతా వెనక ఊటీలో కూర్చుని, ఆయన్ని ఇంజిన్‌తో పాటు ముందుగదిలో పెట్టి తలుపేశారు. తెర లేనప్పుడు కొంత వేడైనా వెనక్కి పోయేది, కొంత చల్లగాలి ముందుకొచ్చేది. ఇప్పుడు రెండూ లేవు. నిన్ను తప్పుపట్టడం లేదులే. ఇలా ఇల్లులా మార్చిన బస్సులు మా షెడ్డుకి ఎన్ని వచ్చినా అదే వరస. బెర్తుల మీద చెయ్యి తిరిగిన వడ్రంగి పని, సీలింగుకి లైట్ల వరస, గోడల్లో ఇన్సులేషను. డ్రైవర్ దగ్గరికొచ్చేసరికి బస్సు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది. ఇల్లు కట్టించేటప్పుడు వంటగదికి కిటికీ మర్చిపోయేవాళ్లు ఉండేవాళ్లు చూడు, అలా.

ఒక్క విషయం అడుగుతాను. కాళ్లు కందాయన్నావు. ఎడమ కాలా, కుడి కాలా? నవ్వకు, రోగం అక్కడే తెలుస్తుంది. ముందు ఇంజిన్ ఉన్న మన బస్సుల్లో బానెట్, అంటే ఇంజిన్ మీది మూత, డ్రైవర్‌కి ఎడమ పక్కన ఉంటుంది. ఎడమ కాలు, అంటే క్లచ్ కాలు, ఎక్కువ కందితే వేడి ఇంజిన్ నుంచి వస్తోందని. కుడి మోచెయ్యి, కుడి తొడ మండితే అది ఎండ. మీరు విజయవాడ దాటి తిరుపతి వైపు దిగుతున్నారు కదా, దక్షిణానికి పోయే బండికి మధ్యాహ్నం సూర్యుడు కుడి పక్కకు వస్తాడు. మన డ్రైవరు కూర్చునేది కుడి పక్కనే. తిరుగు ప్రయాణంలో ఉత్తరానికి వచ్చేటప్పుడు పొద్దుటి ఎండ కుడి పక్కన పడుతుంది. పాదాల కింద మండితే పెడళ్ల దగ్గర కంతలున్నట్టు. నడినెత్తి వేడెక్కితే కప్పు. చాలా బళ్లలో నాలుగూ కలిసే ఉంటాయి గాని, ఎక్కువ తక్కువలుంటాయి. ముందు ఆ ఎక్కువ ఎక్కడో చూసుకుంటే డబ్బు వృథా కాదు.

దానికి తుపాకీలా ఉండే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన రకం కాదు, అది మనిషి జ్వరానికే. మెకానిక్కులు వాడేది కావాలి. మిట్టమధ్యాహ్నం ఒక గంట బండి నడిపి ఆపగానే బానెట్ పైన, పెడళ్ల దగ్గర రేకు మీద, గేర్ రాడ్ మొదట్లో, డ్యాష్‌బోర్డు మీద, డ్రైవర్ తల మీద సీలింగులో, కుడి తలుపు మీద కొట్టి కాగితం మీద రాసుకోండి. పోయిన మే నెలలో మా దగ్గరికి వచ్చిన ఒక బండికి నేను రాసుకున్నవి చెబుతాను. బయట నీడలో 42 డిగ్రీలు. బానెట్ రెక్సిన్ మీద 66, పెడళ్ల రేకు 61, డ్యాష్‌బోర్డు 72. వీటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది డ్రైవర్ నెత్తి మీద, పాత రూటు బోర్డు పెట్టుకునే పెట్టె. లోపలి రేకు 58. మొత్తం కప్పుకి ఇన్సులేషను చేయించిన ఆ పెద్దమనిషి ఆ పెట్టెను మాత్రం వదిలేశాడు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యలో ఖాళీ. అప్పడాల పెనంలా కాలుతోంది. మీ స్కూలు బస్సుకి కూడా స్కూలు పేరు రాసిన పెట్టె ముందు పైన ఉండే ఉంటుంది. తెరిచి చూడండి. అందులో రాక్‌వూల్, అంటే వేడిని ఆపే రాతి దూది, కూరి మూస్తే ఒక పూట పని.

ఇక ఇంజిన్ సంగతి. డీజిల్‌లో ఉన్న శక్తిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా చక్రాలకు పోతుంది. మిగిలినదంతా వేడే. కొంత సైలెన్సర్ లోంచి, కొంత రేడియేటర్ లోంచి, కొంత ఇంజిన్ ఒంటి మీద నుంచే బయటపడుతుంది. లోపల తిరిగే నీళ్లే ఎనభై తొంభై డిగ్రీలుంటాయి. లోడు మీద మానిఫోల్డు, అంటే ఇంజిన్ పొగ బయటకు పోయే మొదటి గొట్టం, నాలుగైదు వందల డిగ్రీలకు పోతుంది. అలాంటి దాన్ని మోకాలికి మూరెడు దూరంలో పెట్టి, మధ్యలో ఒక రేకు, ఒక రెక్సిన్ ముక్క అడ్డం పెట్టారు. పైగా ఆ బానెట్ మూత రబ్బరు ఎప్పుడో ఎండి రాలిపోయి ఉంటుంది. స్కూలు బస్సు కదా, పిల్లలెక్కి కూర్చుని మూతను ఒక పక్కకు వంచి ఉంటారు.

ఇందుకు నేను చేసే పని ఒకటి చెబుతాను. మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. రాత్రి పూట ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, బానెట్ కింద ఒక మంచి ఎల్‌ఈడీ లైటు వెలిగించి మూత వేసేయండి. బండి లోపల లైట్లన్నీ ఆర్పి, డ్రైవర్ సీట్లో కూర్చుని చూడండి. మూత అంచున గీతలా వెలుగు వస్తుంది. క్లచ్ పెడల్ రాడ్ చుట్టూ, స్టీరింగ్ రాడ్ కిందకు దిగేచోట, గేర్ రాడ్ రబ్బరు చిరిగినచోట, వైర్లు దూర్చిన కంతల్లో చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. వెలుగు వచ్చిన ప్రతిచోటా వేడిగాలి వస్తుంది. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి. మొన్న ఒక కుర్రాడు ఇలాగే చూసి "మామా, దీపావళిలా ఉంది" అని ఫోన్ చేశాడు.

ఈ కంతల్లోంచి గాలి ఊరికే రాదు, లోపల ఉన్న లాగుడు వల్ల వస్తుంది. బండి పోతున్నప్పుడు వెనక కిటికీ గాని, కప్పు మీద మూత గాని తెరిచి ఉంచితే లోపలి గాలి అటు నుంచి బయటకు పోతుంది. ఆ ఖాళీని నింపడానికి ముందు నుంచి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి గాలి దూరుతుంది. ముందు ఉన్న సందులన్నీ ఇంజిన్ గదిలోకే. అందుకే "గాలి ఆడటానికి వెనక కిటికీ తీశాం, ఇంకా ఉక్కపోసింది" అంటుంటారు. వంటగట్టు పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అది కూడా ఇదే పని చేస్తుంది. వెనక మీ అత్తగారు ఉప్మాకి తాలింపు పెడుతూ ఫ్యాన్ వేస్తే, ముందు అల్లుడుగారి కాళ్ల మీదకు ఇంజిన్ గాలి వస్తుంది. బండి కదులుతుండగా స్టవ్ వెలిగించడం ఎలాగూ మంచిది కాదనుకోండి.

కంతలు మూయడానికి పెద్ద విద్య అక్కర్లేదు. బానెట్ అంచుకి కొత్త రబ్బరు బీడింగు, మూత గట్టిగా పట్టుకునేలా నాలుగు క్లాంపులు. గేర్ రాడ్‌కి, పెడళ్లకు కొత్త రబ్బరు బూట్లు. వైర్ల కంతలకు రబ్బరు గ్రోమెట్లు. బానెట్ కింది వైపు మాత్రం కాస్త ఆలోచించాలి. థర్మోకోల్ సలహా ఇచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి పంపించేయండి. అది ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడి ముడుచుకుపోతుంది. నిప్పు తగిలితే నల్లటి పొగ, కిందకు కారే మంట. ఇంజిన్ దగ్గరకు దాన్ని రానివ్వకూడదు.

గ్లాస్‌వూల్ పనికొస్తుంది, కాని ఒంటి మీద బట్ట లేకుండా పెట్టకూడదు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. పదిహేనేళ్ల కిందట ఒక పెళ్లి బృందాల వ్యానుకు బానెట్ కింద గ్లాస్‌వూల్ అంటించి, పైన కోళ్ల గూళ్లకు వాడే రకం ఇనప వల కొట్టి పంపాను. అందంగా ఉందని నేనే మురిసిపోయాను. నాలుగు నెలలకు రాత్రి పదకొండింటికి ఫోను. కైకలూరు దగ్గర బానెట్ లోంచి పొగ. ఇంజిన్ పైన ఉండే ట్యాపెట్ కవరు నుంచి చిమ్మిన ఆయిలు చుక్కచుక్కగా ఆ దూదిలోకి ఇంకి, మానిఫోల్డు పక్కన రాజుకుంది. డ్రైవరు తెలివైనవాడు, బిందెడు ఇసక పోసి ఆర్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు బండి ఓనరు వచ్చి ఒక్క మాట కూడా అనకుండా ఆ మాడిన దూదిని నా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి నేను చేసే పద్ధతి వేరు. ముందు ఆయిలు కారే చోట్లన్నీ కట్టిస్తాను. తర్వాత ఇంజిన్ వైపుకు అల్యూమినియం రేకు, దాని వెనక గాజుగుడ్డ సంచిలో కుట్టిన సెరామిక్ ఫైబరు, దాని వెనక బానెట్ రేకు. అంచులన్నీ మూసేసి రివెట్లు కొడతాను, ఆయిలు లోపలికి పోవడానికి దారి ఉండదు. అంచు ఊడితే అంతా కొత్తగా చేయాల్సిందే, అతుకులు వేయను. మానిఫోల్డుకు, బానెట్‌కు మధ్య వేరుగా ఒక రేకు, అంగుళం సందు వదిలి. ఆ సందు ముఖ్యం. మెరిసే రేకు వేడిని తిప్పికొట్టాలంటే దాని ముందు గాలి ఉండాలి. దేనికైనా ఆనించి అంటిస్తే అది మామూలు రేకే, వేడిని పక్కకు అందిస్తుంది. బజారులో "హీట్ ప్రూఫ్" అని అమ్మే నల్ల నైట్రైల్ ఫోమ్ కప్పుకీ గోడలకీ బాగుంటుంది గాని, నూరు డిగ్రీలు దాటేచోట వద్దు. మానిఫోల్డు పక్కన అసలే వద్దు. పాతకాలం ఆస్‌బెస్టాస్ తాడు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే ముట్టుకోకండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకు విషం.

ఇంత చెప్పి ఒకటి చెప్పకపోతే ఇంజిన్ నన్ను తిట్టుకుంటుంది. లోపలి వైపు మూయాలి గాని, ఇంజిన్‌కి కిందకీ వెనక్కీ గాలి పోయే దారి మూయకూడదు. పని అయ్యాక ఒకరోజు టెంపరేచర్ గేజి మీద కన్నేసి నడపండి. ముందుకంటే పైకి పోతుంటే ఎక్కడో దారి మూశారన్న మాట. రేడియేటర్ కూడా చూడాలి. పాత బస్సు రేడియేటర్ రెక్కల్లో పొలాల పురుగులు, వరిపొట్టు, మట్టి చేరి సగం మూసుకుపోయి ఉంటాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే డొప్ప పగిలి ఉంటే గాలి బయటకు పోకుండా అక్కడక్కడే తిరుగుతుంది. శుభ్రం చేయించి, డొప్ప బిగించాక రెండు మూడు డిగ్రీలు అల్లుడుగారి దగ్గరే తగ్గుతాయి.

ఎండ దగ్గరికి వద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండ నిలువుగా పడినచోట చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు. బస్సు ముందద్దం రెండున్నర చదరపు మీటర్లు ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడి సగమే లోపలికొచ్చినా, ఇస్త్రీపెట్టె ఒకటి ఆన్ చేసి డ్యాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోయినట్టే. నల్ల ఫిల్మ్ మాట మరిచిపోండి. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను తీసేయమంది. రాత్రి పూట ఎదుటి లైట్లలో నల్ల అద్దం వెనక నుంచి నడపడం ఎంత కష్టమో కోర్టు చెప్పక్కర్లేదు కూడా. ముందద్దం ఎలాగూ మార్చాల్సి వస్తే, రెండు పొరల మధ్య వేడిని ఆపే రకం లామినేటెడ్ అద్దాలు దొరుకుతాయి, ముద్ర చూసి తీసుకోండి. లేకపోతే బయట, అద్దం పైన, ముందుకు వంగిన ఛజ్జా వేయించండి. అది పాతకాలపు బుద్ధే గాని బాగా పనిచేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద మందపాటి ముదురు రంగు ఫెల్టు పరవండి. తెల్ల తువ్వాలు వేయకండి, దాని నీడ అద్దంలో పడి రోడ్డు కనబడదు.

ఆపి ఉంచినప్పుడు ఎండకు అడ్డం అద్దం బయట నుంచి కప్పాలి. వెండి రంగు షేడు లోపల పెడతారు, కొంత పనిచేస్తుంది, కాని వేడి అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది. బయట పాత దుప్పటి కట్టినా దానికంటే మేలు. కుడి కిటికీకి తువ్వాలు వేలాడదీసే అలవాటు మన డ్రైవర్లందరికీ ఉంది. అద్దంలో వెనక వచ్చే బండి కనబడకపోతే ఆ చల్లదనం ఎందుకు? చేతికి పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకోమనండి.

ఇప్పుడు ఏసీ. ఇన్ని చెప్పాక దాన్ని ఆఖర్న పెట్టడానికి కారణం ఉంది. కంతలు మూయకుండా ముందు ఇంకో టన్ను ఏసీ పెట్టినా, ఇంజిన్‌ని చల్లబరచడానికే దాని ప్రాణం పోతుంది. అవి మూశాక ఎంత కావాలో చూద్దాం. పైసా ఖర్చు లేని మొదటి పని: తెరను పైన, కింద జానెడు జానెడు తెరిచి ఉంచండి. రెండో పని: వెనక ఏసీ దగ్గర నుంచి సీలింగు పక్కగా ఆరంగుళాల ఇన్సులేటెడ్ డక్టు గొట్టం లాగి, మధ్యలో 24 వోల్టుల చిన్న బ్లోయర్ పెట్టి, డ్రైవర్ మెడ వెనక తెరవండి. మెడ మీద, ఛాతీ మీద చల్లగాలి తగిలితే మనిషి తట్టుకుంటాడు. ముందుకు పోయిన గాలి తిరిగి వెనక్కి రావడానికి తెర కింద దారి ఉంటేనే ఇది పనిచేస్తుంది. దారి లేకపోతే బ్లోయర్ ఊరికే మూలుగుతుంది. చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

అది చాలకపోతే ఇంజిన్ బెల్టు మీద నడిచే కంప్రెసర్‌తో డ్రైవర్‌కి విడిగా ఏసీ. ఒక టన్ను, అంటే మూడున్నర కిలోవాట్ల చల్లదనం, సరిపోతుంది. ఏసీ వేడిని బయటకు వదిలే కండెన్సర్‌ని రేడియేటర్ ముందు పెట్టనివ్వకండి, ఇంజిన్‌కి వేడిగాలి పోతుంది. కప్పు మీదో, పక్క అడుగునో విడిగా ఫ్యాన్లతో పెట్టమనండి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన సరుకు బళ్ల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. లారీ డ్రైవర్లు ఎన్నాళ్లు మాడాకనో. వాటి పుణ్యమా అని ఈ పని తెలిసిన చేతులు ఆటోనగర్లలో పెరుగుతున్నాయి.

బ్యాటరీ మీద నడిచే 24 వోల్టుల ఏసీ కూడా అమ్ముతున్నారు. చూడముచ్చటగా ఉంటుంది గాని లెక్క వేసుకోండి. 900 వాట్లు లాగే ఏసీకి 24 వోల్టుల దగ్గర దాదాపు 38 ఆంపియర్లు కావాలి. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు వరసగా కలిపితే, సగానికంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి, వచ్చేది రెండు గంటలు. ఇంజిన్ తిరుగుతుంటే ఆల్టర్నేటరు కరెంటు ఇస్తుంది కదా అంటావు. దాని ప్లేటు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో చదివి, హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ తీసేసి మిగిలింది చూడండి. పాత బస్సుకి మిగిలేది అంతంతమాత్రమే.

తల తిరిగిందన్నావు, అది వదిలేసి ముందుకు పోలేను. ఎండ వల్లే కావచ్చు. కాని వేడిగాలి వచ్చే కంతలోంచే పొగ కూడా వస్తుంది. మానిఫోల్డు గాస్కెట్టు, సైలెన్సర్ జాయింట్లు మసి కారుతున్నాయేమో చూపించండి. వెనక మీ జనరేటరు పొగగొట్టం ఎటు తిరిగి ఉందో కూడా చూడండి. పెట్రోలు జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. వాసన రాదు, రంగుండదు. బండి వెనక గాలి సుడి తిరిగి తెరిచిన వెనక కిటికీ లోంచి లోపలికే వస్తుంది. ఏసీ వేసుకుని పడుకున్న మీ అత్తమామల కోసం ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా కొనండి. ముందూ వెనకా ఒక్కొక్కటి.

ఎండ విషయానికి మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా బండి ఆపేయండి. యాత్రకు ఆఫీసు టైమేమీ లేదు కదా. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే పొద్దున తొమ్మిదికల్లా ఒంగోలులో ఇడ్లీ తినొచ్చు. ప్రైవేటు బస్సు డ్రైవర్లకు కూడా 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదు గంటలకు మించి వరసగా పని చేయించొద్దని, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. ఇంటాయన అయితే ఆ హక్కు పోతుందా? పక్కన సీసాలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ పెట్టు. హవాయి చెప్పులతో నడపనివ్వకు, బూట్లు వేయించు. మళ్లీ తల తిరిగితే, ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, చెట్టు కింద పడుకోబెట్టడంతో సరిపెట్టకు, 108కి ఫోన్ చెయ్యి.

ఇంకొకటి, ఉత్తరంలో రాయలేదు గాని అడుగుతున్నాను. స్కూలు బస్సును ఇల్లుగా మార్చాక ఆర్టీఓ దగ్గర రిజిస్ట్రేషనులో మార్చారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బుక్కులో ఉన్నదానికి, బండికి తేడా ఉండకూడదు. మార్చకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్లు మొదట అడిగేది అదే. మీ మరిదిని ఆ పని మీద పంపించు. నువ్వు మాత్రం ఆ రూటు బోర్డు పెట్టెలో ఎన్ని డిగ్రీలు వచ్చిందో నాకు రాయి.

ప్రశ్న: మాస్టారూ, మేం డల్లాస్‌లో ఉంటాం. పాత పసుపు స్కూలు బస్సు కొని, నేనూ నా ఫ్రెండూ వీకెండ్లలో ఇల్లులా మార్చుకున్నాం. కప్పు మీద 13,500 బీటీయూ ఏసీ ఉంది, వెనక బాగానే ఉంటుంది. ఆగస్టులో మాత్రం డ్రైవర్ కాళ్ల దగ్గర ఎప్పుడూ వేడిగాలే. బానెట్ సీలు కొత్తది వేసినా తగ్గలేదు.
ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: బాబూ, అక్కడి స్కూలు బస్సుల్లో మన బస్సుల్లో లేనిది ఒకటుంటుంది, చలికాలం హీటరు. పిల్లల కోసం పెద్దవే పెడతారు, ఒకటి డ్రైవర్ దగ్గర, మిగతావి సీట్ల కింద. ఇంజిన్ వేడినీళ్లు గొట్టాల్లోంచి వాటిలోకి వస్తాయి. బ్లోయర్ ఆపినంత మాత్రాన నీళ్లు ఆగవు, హీటరు రేడియేటరులా కాలుతూనే ఉంటుంది. ఇంజిన్ గదిలో ఆ గొట్టాల మీద వాల్వులుంటాయి, వెతికి మూసేయి. ఒక్క పోయే గొట్టానిదే మూస్తే తిరిగొచ్చే గొట్టం లోంచి కొంత వేడి పాకుతూ ఉంటుంది. రెండూ మూసి, గంట నడిపి, లోపలి గొట్టం మీద చెయ్యి పెట్టి చూడు. ముట్టుకోలేనంత వేడిగా ఉంటే వాల్వు లోపల అరిగిందన్న మాట, మార్చాలి. గొట్టాలు తీసి పారేయకు, జనవరిలో అద్దం మంచు కరగాలంటే మళ్లీ అదే కావాలి. మా చెల్లెలి కొడుకు ఆ ఊళ్లోనే ఉన్నాడు. వీడియో కాల్‌లో ఇంజిన్ మూత చూపిస్తూ దాన్ని అక్కడ కుక్కల ఇల్లు అంటారని చెప్పాడు, పేరు బాగుంది.

నువ్వు కూర్చునేది ఎడమ పక్కన కాబట్టి నేను పైన చెప్పిన ఎండ లెక్క నీకు తిరగేసి వాడుకో. పొద్దున పూట హ్యూస్టన్ వైపు దిగుతుంటే ఎండ నీ పక్కనే.

ప్రశ్న: లారీ డ్రైవర్ని. బానెట్ మీద తడి గోనెసంచి పరుస్తాను. మంచిదేనా?
ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: అన్నా, మీ రామగుండం ఎండ పొడి ఎండ, కాబట్టి అక్కడ పనిచేస్తుంది. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. అదే సంచి కాకినాడలో పరిస్తే చెమట ఆరక ఇంకా ఉక్కపోస్తుంది. నీళ్లు కారి బానెట్ కింద వైర్ల మీద, స్టార్టర్ మీద పడకుండా సంచిని బాగా పిండి పరుచుకో. సాయంత్రానికి సంచి ఎండిపోతే తీసి వెనక పెట్టు. ఎండిన గోనె ఇంజిన్ మీద ఉంచకు.